రంగు గింజ వద్దు, ఉడికిన గింజ ముద్దు

పోయిన వారం సత్తెనపల్లి వైపు నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, కృష్ణలో పరిగెలకి వానపాము మానేసి మొక్కజొన్న గింజ గుచ్చితే పడతాయా? మా ఇంట్లో విత్తనాల ప్యాకెట్లో అర కేజీ దాకా మిగిలిపోయింది. ఎర్రగా ఉంటాయి గదా, నీళ్లలో బాగా కనపడతాయని అనుకుంటున్నా."

ప్రశ్నలు రెండు, జవాబులూ రెండు. గింజకి పరిగెలు పడతాయా? పడతాయి. ఓపిక ఉంటే వానపాముకి పడేవాటికన్నా పెద్దవే పడతాయి. మరి ఆ ఎర్ర గింజలు వాడొచ్చా? ఒక్కటి కూడా వాడొద్దు.

పత్తి, మిరప పండే మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో గాలం వేసేవాళ్లకి ఈ రెండో జవాబే ముఖ్యం. అయినా ముందు మొదటిదే చెప్పుకుందాం. గింజ ఎట్టా పనిచేస్తుందో తెలిస్తే ఏ గింజ వాడకూడదో మీకే అర్థమైపోతుంది.

మీసాలున్న చుట్టాలు

ఇంగ్లండ్ నదుల్లో బార్బెల్ అని ఒక చేప ఉంటుంది. థేమ్స్, ట్రెంట్, సెవర్న్ లాంటి పారే నీళ్లలో అడుగు పట్టుకుని తిరుగుతుంది. లాటిన్ భాషలో 'బార్బా' అంటే గడ్డం. మూతి దగ్గర నాలుగు మీసాలు వేలాడుతుంటాయి కాబట్టి దానికి ఆ పేరు. దాన్ని పట్టడానికి అక్కడివాళ్లు పురుగులు, మాంసం ముక్కలే కాదు, నానబెట్టి ఉడికించిన చిన్న చిన్న గింజలు కూడా వాడతారు. వాటిని 'పార్టికల్ బైట్స్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే గింజ ఎర.

మన పరిగెలు ఆ బార్బెల్‌కి చుట్టాలే. ఒకప్పుడు శాస్త్రవేత్తలు చాలా పరిగె రకాల్ని కూడా 'బార్బస్' అనే పేరు కిందే రాసేవాళ్లు. తర్వాత విడదీశారు గానీ కుటుంబం ఒకటే. కాలవల్లో దొరికే చిన్న పరిగెల్లో కొన్నిటికి మీసాలే ఉండవు. నదిలో దొరికే పెద్ద రకం పరిగెని చేతిలోకి తీసుకుని చూడండి, నోటి దగ్గర రెండు జతల సన్నటి మీసాలు కనపడతాయి. బంగారు తీగకీ రెండు జతలే. బొచ్చెకి అసలుండవు.

ఆ మీసాలు అందానికి కాదు బాసూ! వాటి మీద రుచి తెలిసే మొగ్గలు ఉంటాయి. మనం నాలుకతో చేసే పని ఈ చేప మీసంతో కూడా చేస్తుంది. బురద నీళ్లలో, చీకట్లో, అడుగున తడుముకుంటూ ఏది తిండో ఏది రాయో తేల్చుకుంటుంది. కాబట్టి గింజ ఎంత ఎర్రగా మెరుస్తోందన్నది దానికి పెద్ద లెక్క కాదు. రుచే లెక్క.

గుప్పెడు గింజల లాజిక్

వానపాము గుచ్చితే ఏమవుతుంది? నీళ్లలో పడిన నిమిషానికే జెల్లలు, చిల్లర చేపలు మూగుతాయి. కొరికి కొరికి కొక్కెం ఖాళీ చేస్తాయి. పెద్ద పరిగె వచ్చేసరికి అక్కడ ఏమీ ఉండదు. గింజ అట్టా కాదు. కొంచెం గట్టిగా ఉంటుంది, చిల్లర చేపలు త్వరగా ఊడబీకలేవు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఒక పెద్ద ముద్ద వేస్తే చేప వస్తుంది, తింటుంది, పోతుంది. యాభై గింజలు చల్లితే ఒక్కొక్కటీ ఏరుకుంటూ అక్కడే ఉండిపోతుంది. ఒక చేప తల కిందికి పెట్టి మేస్తుంటే పక్కవి కూడా చేరతాయి. చేరాక పోటీ మొదలవుతుంది. పోటీలో అనుమానం తగ్గుతుంది. గింజ ఎరలో ఉన్న కిటుకు మొత్తం ఇదే. గాలం వెయ్యడానికి ముందు అన్నదానం చెయ్యాలి.

ఈ జాతి చేపలకి వినికిడి కూడా ఎక్కువ. చెవులు బయటికి కనపడవు గానీ, ఒంట్లో ఉండే గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా బుల్లి ఎముకల గొలుసు ఒకటి ఉంటుంది. నీళ్లలో చప్పుడైతే గాలితిత్తి అదురుతుంది, ఆ అదురు ఎముకల మీదుగా చెవికి చేరుతుంది. అందుకే గింజలు టపటపా పడే చప్పుడు కొన్నాళ్లకి వాటికి భోజనం గంటలాగా అలవాటవుతుంది. ఒడ్డున బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని పాటలు వేసేవాళ్లు కూడా ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఇదేమీ కొత్త కనిపెట్టుడు కాదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథంలో చేపల వేటకి ఒక అధ్యాయమే ఉంది. ఏ చేప ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, దానికి గాలం ఎట్టా వెయ్యాలి అని అందులో చెప్పారు. కావేరిలో మాసీర్ అనే పెద్ద మీసాల చేపకి రాగి ముద్ద వేసేవాళ్లు. అది కూడా ధాన్యపు ఎరే. అక్కడి మూపురం మాసీర్ ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉందని 2018లో అంతర్జాతీయ ఎర్ర జాబితాలో చేర్చారు. ఎర ఎంత బాగున్నా, నదిలో చేప మిగలకపోతే ఏం లాభం?

వంటింట్లో అరగంట

కిరాణా కొట్లో వంటకి అమ్మే గింజలే కొనండి. మన దగ్గర దొరికేవాటిలో నాకు పనికొచ్చినవి ఇవీ.

జొన్నలు: చల్లడానికి వీటిని మించినవి లేవు. రాత్రంతా నానబెట్టి, ఇరవై నిమిషాలు ఉడికించాలి. కొన్ని గింజలు పగిలి లోపలి తెలుపు కనపడితే చాలు. చిన్నవి కాబట్టి కొక్కేనికి గుచ్చడం కష్టం. వీటిని మేతగానే వాడండి.

మొక్కజొన్న: ఎండు గింజలైతే 24 గంటలు నానాలి, ఆ తర్వాత అరగంట పైనే ఉడకాలి. గోరుతో నొక్కితే దిగాలి. అంత ఓపిక లేకపోతే లేత కండె ఒలిచి ఉడికించుకోండి.

సెనగలు: రాత్రి నానబెట్టండి, పొద్దున కుక్కర్లో మూడు విజిల్స్. కొక్కేనికి గుచ్చడానికి సైజు, గట్టిదనం రెండూ సరిపోతాయి. పరిగెకి దేశవాళీ చిన్న సెనగ చాలు. కాబూలీ సెనగ బంగారు తీగకి.

వేరుశెనగ పప్పు: నూనె ఎక్కువ కాబట్టి వాసన బాగా పాకుతుంది. ఒక రోజు నానబెట్టి అరగంట ఉడికించాలి. బూజు పట్టినవి, ముక్క వాసన వచ్చేవి పారెయ్యండి. బూజు పట్టిన వేరుశెనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది మనిషికీ చేపకీ ఇద్దరికీ చేటే.

ఉడికిన నీళ్లు పారబోయొద్దు. గింజల్ని ఆ నీళ్లలోనే ఒక పూట వదిలేస్తే కొంచెం జిగురొచ్చి, పులుపు వాసన తిరుగుతుంది. ఆ జిగురూ పులుపే చేపల్ని పిలిచేది. మన ఎండలకి ఒక పూట చాలు. రెండో రోజుకి కుళ్లు వాసన కొడితే వాడకండి.

"అంత వంట ఎందుకన్నా, పచ్చివే చల్లేస్తే పోలా?" అని అడిగేవాళ్లు ఉంటారు. ఒక గ్లాసు ఎండు సెనగలు నానబెట్టి చూడండి, పొద్దుటికి రెండు గ్లాసుల దాకా అవుతాయి. ఆ ఉబ్బడం చేప కడుపులో జరిగితే? ఈ జాతి చేపలకి నోట్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. ఉడికిన గింజని అక్కడ నలిపి మింగుతాయి. పైగా మనకున్నట్టు తిండిని ఆపి అరగదీసే జీర్ణాశయం కూడా వీటికి ఉండదు, గొంతు దాటితే నేరుగా పేగే. గట్టి గింజ లోపలికెళ్లి ఉబ్బితే దారి మూసుకుపోతుంది. ఇంకోటి, పచ్చి పప్పు గింజల్లో అరుగుదలని అడ్డుకునే పదార్థాలు ఉంటాయి, వేడికి అవి విరిగిపోతాయి. ఇంగ్లండ్‌లో చాలా చెరువుల దగ్గర వేరుశెనగ లాంటి గింజల్ని పూర్తిగా నిషేధించింది ఈ భయంతోనే, సరిగ్గా వండకుండా తెచ్చి పోస్తున్నారని.

ఎక్కడ, ఎంత, ఎట్టా

నదిలో జోరు నీళ్లకీ నెమ్మది నీళ్లకీ మధ్య ఒక గీత కనపడుతుంది. ఆ గీత పక్కన అడుగు గట్టిగా ఉన్న చోటు చూసుకోండి. అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డున అట్టాంటి చోట్లు ఉన్నాయి. గుండ్లకమ్మలో అయితే ఎండాకాలం మిగిలే మడుగులు. మడుగులో మాత్రం గింజలు సగానికి సగం తగ్గించండి. తినగా మిగిలినవి వేడి నీళ్లలో కుళ్లి, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ లాగేస్తాయి.

మొదట రెండు దోసిళ్ల జొన్నలు చల్లండి. పారే నీళ్లు కిందికి తీసుకుపోతాయి కాబట్టి మీరు కూర్చున్న చోటికి కొంచెం ఎగువన వెయ్యాలి. తర్వాత ఒక అరగంట గాలం వెయ్యకండి. ఇదే అందరికీ కష్టమైన భాగం, రీల్స్ చూసుకోండి పర్లేదు. ఆ తర్వాత పది నిమిషాలకోసారి పది పదిహేను గింజలు, అంతే. కడుపు నింపడం మన పని కాదు, ఆశ పెట్టడం మన పని.

కొక్కెం చిన్నది చాలు, 8 నుంచి 12 నంబరు లోపు. సెనగని నేరుగా గుచ్చొచ్చు. ఇంకో పద్ధతి, ఇంగ్లండ్‌లో 1980 ప్రాంతంలో వచ్చిన 'హెయిర్ రిగ్'. కొక్కేనికి కాకుండా, దాని కింద వెంట్రుకంత సన్నటి దారానికి గింజని కడతారు. చేప గింజని నోట్లోకి పీల్చుకున్నప్పుడు ఖాళీ కొక్కెం కూడా వెంట వెళ్తుంది. ఊసేద్దామనుకునేసరికి పెదవికి తగులుకుంటుంది. చాలాసార్లు గొంతులోకి దిగదు కాబట్టి చిన్న చేపని ప్రాణంతో వదిలెయ్యడం తేలిక.

మిరపకాయ కలిపితే?

గుంటూరోళ్లం గదా, ఈ ప్రశ్న రాకుండా ఉండదు. ఇంగ్లండ్ షాపుల్లో మిరపకాయతో ఉడికించిన గింజల ఎర డబ్బాల్లో అమ్ముతారంటే నమ్ముతారా? నిజం.

చేపకి మంట పుట్టదా అంటే, మనకి పుట్టినట్టు పుట్టదనే చెప్పాలి. మిరపలో మంట పుట్టించే పదార్థం కాప్సైసిన్. మన నరాల్లో దానికి తగులుకునే తాళంకప్ప లాంటి ప్రొటీన్‌ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. ఆ పరిశోధనకే ఆయనకి 2021లో వైద్యంలో నోబెల్ వచ్చింది, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. పక్షుల్లో ఆ ప్రొటీన్ కాప్సైసిన్‌ని పట్టించుకోదు, అందుకే చిలకలు పండు మిర్చిని హాయిగా తినేస్తాయి. పరిగెలకి దూరపు చుట్టమైన జీబ్రా ఫిష్‌లో కూడా అది కాప్సైసిన్‌కి స్పందించదని పరిశోధనల్లో తేలింది.

నా మాటకొస్తే, కారం వేసిన రోజూ వెయ్యని రోజూ తేడా నాకేమీ కనపడలేదు. తేజా అయినా సన్నాలైనా, చేపకన్నా ముందు మీ కళ్లకే తగులుద్ది. కారం చేత్తో కొక్కెం కట్టి, అదే చేత్తో మొహం తుడుచుకున్నవాడిని అడగండి.

ఇప్పుడు ఆ ఎర్ర ప్యాకెట్

మొక్కజొన్న, జొన్న, పత్తి హైబ్రిడ్ విత్తనాలకి ఎరుపో గులాబీయో రంగు ఉంటుంది. అది గింజ రంగు కాదు. విత్తనం భూమిలో కుళ్లకుండా థైరమ్ లాంటి శిలీంద్ర నాశినులు, మొలకని పురుగు తినకుండా ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు పట్టిస్తారు. మందు పట్టించిన గింజని ఎవరూ పొరపాటున తినకూడదనే ఆ రంగు. అంటే అది ఆకర్షణ కాదు, హెచ్చరిక. ప్యాకెట్ తిప్పి చూడండి, విషం అనీ, తిండికీ దాణాకీ నూనెకీ వాడొద్దనీ రాసి ఉంటుంది.

"కడిగేస్తే పోద్ది గదా" అనొద్దు. కడిగితే రంగు వెలుస్తుంది, మందు మొత్తం పోదు. ఉడికిస్తే ఆ మందు మీ వంటగిన్నెకి అంటుకుంటుంది. మీరు చల్లిన గింజ తిన్న ప్రతి చేపా మీ గాలానికే పడదు. కొన్ని పక్కవాడి వలలో పడతాయి, ఎవరింట్లోనో పులుసవుతాయి. మిగిలిన విత్తనాన్ని పిల్లలకీ కోళ్లకీ అందకుండా, అదే ప్యాకెట్లో, పేరు కనపడేట్టు దాచండి. ఏం చెయ్యాలో మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి. కాలవలో మాత్రం పొయ్యొద్దు.

మందు లేని పత్తి గింజ కూడా ఎరగా వద్దు. దాంట్లో గాసిపాల్ అనే పదార్థం ఉంటుంది. గేదెలు పత్తి చెక్క తిని తట్టుకుంటాయి, నెమరేసే జంతువులు కాబట్టి. చేపలకి ఆ సౌకర్యం లేదు.

మందు ఈ నేలకి ఏం చేసిందో మన పెద్దవాళ్లకి తెలుసు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలని తెల్లదోమ ఊడ్చేసింది. పైరెత్రాయిడ్ మందులు పదే పదే కొట్టేసరికి దోమని అదుపులో పెట్టే మిత్ర పురుగులు చచ్చాయి, దోమ మాత్రం పెరిగింది. అప్పులు తీరక రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అవే పైరెత్రాయిడ్లు నీళ్లలో చేపకి ఇంకా ప్రమాదం. సైపర్‌మెత్రిన్ లాంటిది లీటరు నీళ్లలో కొన్ని మైక్రోగ్రాములు కలిసినా చాలా చేపలు చచ్చిపోతాయి. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు.

అట్టాంటి మందుని కావాలనే మడుగులో పోసి చేపలు పట్టేవాళ్లు ఉన్నారు. మందు పోసిన మడుగు నేను చూశాను. తేలిన పరిగెల్ని గంపలకెత్తుకుని పోయారు. వేలెడంత పిల్లలు, కప్పలు, రొయ్యలు ఒడ్డున అట్టాగే పడున్నాయి. వాటిని ఒక కొంగ తింటోంది. గేదెలు ఆ నీళ్లకే వస్తాయి. ఆ మడుగులో మళ్లీ గాలం వెయ్యడానికి నాకు చాన్నాళ్లు మనసొప్పలేదు. నీళ్లలో విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం ప్రకారమే నేరం. జైలు రెండు నెలల దాకా, జరిమానా రెండు వందల రూపాయల దాకా అని రాశారు. ఆ రోజుల్లో రెండొందలంటే పెద్ద మొత్తం. ఇప్పుడు అంతకి కేజీ చేప కూడా కష్టం. కాబట్టి చట్టానికి భయపడి కాదు, ఆ పులుసు తినేది మనమే అని గుర్తుపెట్టుకుని ఆగాలి.

చివరిగా నాలుగు మాటలు

చాలా చెరువుల్లో, రిజర్వాయర్లలో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘాలది. వాళ్ల జీవనం అది, మనది సరదా. ముందు అడగండి. "బాబాయ్, ఒక గంట గాలం వేసుకుంటా" అని మర్యాదగా అడిగితే ఎక్కడ వెయ్యాలో కూడా వాళ్లే చెప్తారు.

వానలు మొదలై కొత్తనీరు వచ్చినప్పుడు పరిగెలు గుడ్లతో ఎదురెక్కుతాయి. పొట్ట ఉబ్బిన చేప పడితే చెయ్యి తడుపుకుని పట్టుకోండి, కొక్కెం తీసి వదిలెయ్యండి. ఒక్క చేపని వదిలితే వేల గుడ్లు వదిలినట్టు.

ఎగువన నీళ్లు వదిలారని తెలిస్తే ఇసుక తిన్నెల మీదికి పోవద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది ఎప్పుడూ మనం చూసినంతే ఉండదు. సాగర్ కుడి కాలవ సిమెంటు గట్ల మీద అసలు కూర్చోవద్దు. జారితే పట్టుకోవడానికి గడ్డి పరక కూడా ఉండదు.

వారం మధ్యలోనే సెనగలు, జొన్నలు కొనిపెట్టుకోండి. శనివారం రాత్రి నానబెట్టి, ఆదివారం తెల్లారుజామున కుక్కర్ పెట్టండి. అమ్మ "ఇయ్యాల గుగ్గిళ్లా?" అని అడిగితే ఒక గిన్నె ఆమెకి తీసి, పోపు పెట్టించుకుని మీరూ తినండి. మీరు తినగలిగే గింజైతేనే ఏట్లో వెయ్యండి.

వచ్చే వారం: బెండు ఎందుకు మునుగుతుంది, ఎప్పుడు లాగాలి.